ఏసీ వెనక రెండు గుడ్లు

మా అమ్మాయి ఇంగ్లిష్ మీడియం, నేను తెలుగు మీడియం. ఆ సంగతి ఇంట్లో అందరూ మరిచిపోయి హాయిగా ఉన్న రోజుల్లో దాని పుస్తకంలోకి ఎకాలజీ పాఠం వచ్చి పడింది.

"నాన్నా, ఎకాలజీ అంటే?"

"ఆవరణ శాస్త్రం," అన్నాను ఠీవిగా.

"ఆవరణ అంటే?"

"కాంపౌండు."

అనేశాక నాకే అనుమానమొచ్చింది. మేముండేది హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో, చుట్టూ రక్షణ సంస్థలే. కాంపౌండ్లని చదవడమే శాస్త్రమైతే మాకు పుట్టుకతోనే డాక్టరేట్ ఇవ్వాలి. 1962లో డీఆర్‌డీఎల్ ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కి మకాం మార్చింది. 1970లో బీడీఎల్, 1973లో మిధాని పుట్టాయి. ఒక్కోదానికీ ఒక్కో ప్రహరీ, దాని మీద ముళ్లతీగ. పేరులో కాంచనమూ ఉంది, తోటా ఉంది. రోడ్డు మీంచి కనిపించేది మాత్రం గోడే. మా ఆవిడ ఈ ఏరియాని 'కంచెల బాగ్' అంటుంది.

అసలు ఎకాలజీ అనే మాటని 1866లో హెకెల్ అనే జర్మన్ ఆయన పుట్టించాడు. గ్రీకులో 'ఓయికోస్' అంటే ఇల్లు. ఎకనామిక్స్‌ది కూడా అదే ఇంటిపేరు. ఆయన ఇంట్లో మొదలుపెడితే మన పండితులు ప్రహరీ దాకా వచ్చారు, అంతే తేడా. ఇంట్లో ఎకనామిక్స్ ఎలాగూ మా ఆవిడ శాఖ కాబట్టి ఎకాలజీ నా నెత్తిన పడింది.

తర్వాతి మాట 'నిచ్'. దానికి నా తెలుగు మీడియం చేతులెత్తేసింది. ఓడమ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త తేలిక దారి చూపించాడు: ఆవాసమంటే జీవి అడ్రసు, నిచ్ అంటే దాని ఉద్యోగం.

"అయితే నీ నిచ్ ఆఫీసులో ఫైళ్లు కదపడమా?"

"కదపకపోవడం," అంది వంటింట్లోంచి వాళ్లమ్మ.

పాఠాన్ని నా మీంచి మళ్లించడానికి పావురాలని చూపించాను. పైఅంతస్తు ఖాలా రోజూ పొద్దున్నే జొన్నలు చల్లుతుంది. "సవాబ్ వస్తది బేటా," అంటుంది. ఆ పుణ్యం ఆవిడకి, మిగతాది నా స్కూటర్‌కి. ఎల్టన్ అనే శాస్త్రవేత్త 1927లో వివరించిన ఆహార గొలుసు మా మెట్ల దగ్గరే వేలాడుతోంది: జొన్నలని పావురం తింటుంది, పావురాన్ని పిల్లి తింటుంది. ఒక మెట్టు నుంచి పై మెట్టుకి అందే శక్తి సుమారు పదోవంతేనని 1942లో లిండ్‌మన్ అనే ఇంకో శాస్త్రవేత్త లెక్క తేల్చాడు. మా పిల్లి ఎందుకంత బక్కగా ఉందో ఆ వేళ అర్థమైంది. దానికి ఖాలా పాలు కూడా పోస్తుందనుకోండి, లిండ్‌మన్‌కి ఖాలా తెలియదు.

"మరి స్కూటర్ సీటు మీద పడిందాన్ని ఏం చేస్తారు?"

"విచ్ఛిన్నకారులుంటాయమ్మా. బూజులు, బాక్టీరియా..."

"అవొచ్చే దాకా ఆగుతారా, ఆఫీసుకెళ్తారా?" అంది మా ఆవిడ. తడిగుడ్డ తీసుకుని కిందికి దిగాను.

నాకు పరువు దక్కింది ఒక్కచోటే. ఒకే తిండికోసం పోటీపడే రెండు జాతులు ఒకేచోట కలకాలం బతకలేవని గాస్ అనే రష్యన్ 1934లో చెప్పాడు. పరమీషియం అనే ఏకకణజీవుల్లో రెండు రకాలని ఒకే గాజుగొట్టంలో పెంచితే ఒకటి మిగిలింది, ఒకటి పోయింది. "ఇంత శ్రమెందుకు? ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మన అమ్మమ్మలెప్పుడో అన్నారు," అన్నాను. అమ్మాయి మురిసిపోయి ఆ సామెతని జవాబులో రాసేసింది. టీచర్ పక్కన ఎర్రసిరాతో ప్రశ్నార్థకం పెట్టారు.

ఏప్రిల్ వచ్చింది. ఏసీ వేద్దామని చూస్తే, ఔట్‌డోర్ యూనిట్ వెనక నాలుగు పుల్లలు, రెండు గుడ్లు, వాటి మీద తల్లి. ఊరపావురాల పూర్వీకులు కొండచరియల్లో గూళ్లు పెట్టుకునేవట. వాటి లెక్కన మా బిల్డింగు కొండ, ఏసీ దానికో చరియ, మేము ఆ కొండలో ఎక్కడో ఉన్న పురుగులం. గుడ్లు పొదగడానికి పద్దెనిమిది రోజులు, పిల్లలు ఎగరడానికి ఇంకో నెల. అంటే ఎండాకాలం మొత్తం.

"ఒక ఒర, రెండు కత్తులు," అని గుర్తుచేసింది అమ్మాయి. "గుడ్లు తీస్తే గునా," అని పైనుంచి ఖాలా పాపపుణ్యాల తీర్పు చెప్పేసింది.

ఏదో దారి చెప్తాడని మెకానిక్‌ని పిలిచాను. అతను కిటికీలోంచి వంగి చూశాడు. పావురం అతన్ని చూసింది. "పిల్లలు ఎగిరిపోయినంక ఫోన్ చేయండి సార్," అని విజిటింగ్ చార్జీ మూడు వందలు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

"ఏ పనీ చెయ్యకుండానే!" అన్నాను.

"అది ఆయన నిచ్ నాన్నా," అంది మా అమ్మాయి.