కందకు లేని దురద

చిక్కడపల్లిలో గీజరు స్విచ్ వేయగానే ఇంట్లో కరెంటు పోయిందంటే, ఎవరైనా మొదట చేసే పని బాల్కనీలోకి వెళ్ళి ఎదురింట్లో లైటుందా అని చూడటం. అక్కడా లేకపోతే మనసు కుదుటపడుతుంది. తప్పు సర్కారుది, 1912కి ఫోన్ చేసి నాలుగు మాటలనొచ్చు. ఎదురింట్లో లైటు వెలుగుతుంటేనే కడుపుమంట. అప్పుడు గుమ్మం పక్కనున్న డబ్బా మూత తీసి, కిందికి వాలిన స్విచ్‌ను పైకెత్తుతారు. పడుతుంది. ఎత్తుతారు. పడుతుంది. విక్రమార్కుడు చెట్టు దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళాడో అన్నిసార్లూ ఎత్తి చూశాక ఇంటిల్లిపాదీ ఏకగ్రీవంగా తీర్పు చెబుతారు: "ఈ స్విచ్ పాడైపోయింది." అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. ఆ ఇంట్లో ఆ క్షణాన ఉన్నమాట చెబుతున్నది ఆ స్విచ్ ఒక్కటేనని నా వాదన. గీజరు నిజం దాస్తుంది, గోడలోని తీగ దాస్తుంది, మొన్న గీజరు విప్పి బిగించి వెళ్ళిన పెద్దమనిషి అందరికంటే బాగా దాస్తాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత ఉంది కదా. నీళ్ళు కాస్తున్న గీజరుకు లేని బాధ డబ్బాలోని స్విచ్‌కెందుకు అని అడగడానికి అది బాగానే పనికొస్తుంది. కాకపోతే ఆ సామెత కట్టినవాళ్ళు కత్తిపీటను అడిగి కట్టలేదు.

నిజానికి ఆ డబ్బాలో సాక్షులు ఇద్దరు. మనం ఇద్దరినీ కలిపి "ట్రిప్ అవుతోంది" అని ఒకే తిట్టు తిడతాం. మొదటివాడు ఎంసీబీ. జర్మనీలోని మన్‌హైమ్‌లో హ్యూగో స్టాట్స్ కంపెనీ 1924లో పేటెంటు తీసుకున్న సరుకు. వాడి పొట్టలో రెండు లోహాలు అతికించిన పట్టీ ఒకటి, తీగచుట్ట ఒకటి ఉంటాయి. లోడు మోతాదు మించితే పట్టీ వేడెక్కి, మెల్లగా వంగి, స్విచ్‌ను దించుతుంది. ఫేజూ న్యూట్రలూ ముద్దుపెట్టుకుంటే చుట్ట అయస్కాంతమై రెప్పపాటులో దించుతుంది. కాబట్టి నింపాదిగా పడిందా, టప్పున పడిందా అన్న దాంట్లోనే సగం సంగతి తెలిసిపోతుంది. రెండోవాడు ఆర్‌సీసీబీ, కాస్త వెడల్పు మనిషి, ఒంటి మీద 'టి' అని బటన్ ఉంటుంది. లోడెంతయినా వాడికి పట్టదు. ఫేజులో వెళ్ళిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా అని మాత్రమే చూస్తాడు, కిరాణాకు పంపిన మనవడి చేతిలో చిల్లర లెక్కపెట్టే నాయనమ్మలాగా. లెక్కలో 30 మిల్లీ ఆంపియర్లు తగ్గితే దించి తీరాలి. 15 దాటాక ఎప్పుడు దించినా వాణ్ణి తప్పుపట్టడానికి లేదు. ఆంపియరులో నూటికి మూడు వంతులకు ఇంత రాద్ధాంతమా అంటారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ డాల్జియెల్ అనే ప్రొఫెసరు ఒప్పుకున్నవాళ్ళకు కొద్దికొద్దిగా కరెంటు పట్టించి చూశాడు. సగటు మగవాడు 16 మిల్లీ ఆంపియర్ల దగ్గరే, చేతిలో పట్టుకున్నదాన్ని తనంతట తాను వదల్లేని స్థితికి వస్తాడని తేల్చాడు. నాయనమ్మ పిసినారితనానికి ఆ మాత్రం ఆధారముంది.

అశోక్‌నగర్ హాస్టల్ గదుల్లో కేసులు చాలామటుకు మొదటి సాక్షివి. ముగ్గురుండే గదిలో 2,000 వాట్ల ఇండక్షన్ స్టవ్ 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు లాగుతుంది. దాని పక్కనే, అదే ఎక్స్‌టెన్షన్ బాక్సులో, 1,500 వాట్ల కెటిల్ ఇంకో 6.5 లాగుతుంది. మొత్తం 15.2. డబ్బాలో ఉన్నది 10 ఆంపియర్ల ఎంసీబీ. అది వెంటనే పడదు. ఒకటిన్నర రెట్లు లోడంటే పట్టీ కొన్ని నిమిషాలు ఓర్చుకుంటుంది. త్యాగరాయ గానసభలో టైమైందని చీటీ అందుకున్న వక్త ఇంకెంతసేపు మాట్లాడతాడో సుమారుగా అంతసేపు. అందుకే మొదటి దోసెకు పడదు, నాలుగో దోసెకు పడుతుంది. "స్టవ్ వేసినప్పుడే పడుతోంది, కాబట్టి స్టవ్ చెడింది" అని గదిలో తీర్మానం అవుతుంది. ఆ ముగ్గురూ పోటీ పరీక్షల కోసం పగలంతా సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని, ఇచ్చిన ప్రవచనాల నుంచి ఏ నిర్ధారణ సరైనదో గుర్తించే బిట్లు వందల కొద్దీ చేసినవాళ్ళే. అదే బిట్టు పరీక్షలో వస్తే, స్టవ్ ఒక్కటే వేస్తే పడలేదు, కెటిల్ ఒక్కటే పెడితే పడలేదు, కాబట్టి దోషం రెంటి కూటమిదని అరనిమిషంలో గీత గీసేవాళ్ళు. గదిలోకొచ్చాక నెగటివ్ మార్కులుండవన్న ధీమా కావచ్చు. అసలు ఘోరం ఆ తర్వాత జరుగుతుంది. ఎవరో ఒక అన్న వచ్చి, "ఏం కాదు తమ్మీ, పెద్దది వేద్దాం" అని 10 తీసి 32 బిగిస్తాడు. ఇక పడదు. గోడలో ఉన్నది మాత్రం ఆ పాత 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగే. ఇదివరకు పట్టీ వేడెక్కి చెప్పే మాట ఇకపై తీగ వేడెక్కి చెప్పాలి. పట్టీ చెబితే మళ్ళీ ఎత్తుకోవచ్చు, తీగ చెబితే ఎత్తుకోవడానికేమీ మిగలదు.

గీజరు కేసు ఇంత తేలిగ్గా తెమలదు. గీజరు కాయిల్ అంటే బయటికి కనిపించే గొట్టం, దాని నడిమధ్య వేడెక్కే సన్నతీగ, రెంటి నడుమ కరెంటును దాటనివ్వకుండా కూరిన మెగ్నీషియం ఆక్సైడ్ పొడి. ఈ పొడికి ఒకే దుర్గుణం ఉంది, చెమ్మ కనిపిస్తే పీల్చేస్తుంది. బోరు నీళ్ళతో గొట్టానికి సున్నం పట్టి, లోపలి వేడి బయటికి పోలేక, ఏదో ఒక రోజున సన్నటి చీలిక వస్తుంది. లేదా కొనల దగ్గరి సీలు వదులవుతుంది. వేసవిలో ఉగాది తర్వాత ఆపేసిన గీజరు వానాకాలమంతా చెమ్మ తాగి కూర్చుంటుంది. కార్తీక స్నానానికని మొదటిసారి స్విచ్ వేయగానే పడుతుంది. నీళ్ళు మాత్రం ఉగాది దాకా బాగానే కాగాయి కదా అన్నది ఇంట్లోవాళ్ళ అభ్యంతరం. కాగుతాయి. కరెంటులో వెయ్యో వంతులు గొట్టంలోకి కారినంత మాత్రాన నీళ్ళు కాగడం ఆగదు. పనిచేయడం వేరు, పదిలంగా ఉండటం వేరు. మన ఇళ్ళలో వస్తువులకైనా మనుషులకైనా మొదటిదానికే సర్టిఫికెట్ ఇస్తాం.

ఇంకా చిత్రమేమిటంటే, గీజరు స్విచ్ ఆపేసి ఉన్నప్పుడు కూడా అదే నేరం చేయగలదు. మామూలు స్విచ్ ఫేజునొక్కదాన్నే తెంచుతుంది, న్యూట్రల్ తగిలే ఉంటుంది. కొత్త ఇళ్ళలో రెంటినీ తెంచే డీపీ స్విచ్ పెడుతున్నారు కాని నారాయణగూడ గల్లీల్లోని పాత ఇళ్ళలో ఆ భాగ్యం తక్కువ. కాయిల్‌లో న్యూట్రల్ వైపు కొన గొట్టానికి తగిలిందనుకోండి. గీజరు బుద్ధిమంతుడిలా ఆగి ఉంటుంది. వంటింట్లో పచ్చడికి మిక్సీ వేస్తారు. మిక్సీ నుంచి న్యూట్రల్‌లో తిరిగొచ్చే కరెంటులో కొంత, దగ్గర దారి దొరికిందని, స్నానాలగదిలోని గీజరు మీదుగా ఎర్త్‌లోకి జారుకుంటుంది. నాయనమ్మకు చిల్లర తక్కువొస్తుంది, స్విచ్ దించుతుంది. ఇంట్లోవాళ్ళు మిక్సీని పట్టుకుని కొత్తపేట దాకా తిరుగుతారు. అసలు దొంగ బాత్రూంలో తువ్వాలు వెనక నిశ్శబ్దంగా ఉంటాడు. అందుకే పరీక్షించేటప్పుడు స్విచ్‌లు ఆపితే చాలదు, ప్లగ్గులు పీకాలి. అన్నీ పీకి, ఆర్‌సీసీబీ ఎత్తి, అది నిలబడ్డాక ఒక్కొక్కటీ పెట్టుకుంటూ రావాలి. ఏది పెట్టగానే పడితే దాని మీద అనుమానం. ఏదీ పెట్టకుండానే పడితే గోడలోని తీగ మీద. ఫ్రిజ్ విషయంలో మాత్రం ఈ పద్ధతికి ఓపిక కావాలి. మంచు కట్టని రకం ఫ్రిజ్‌లలో మంచు కరిగించే హీటరు ఒకటి కొన్ని గంటలకోసారి తనంతట తాను వెలుగుతుంది. దానికి లీకుంటే సాయంత్రమంతా ఊరుకుని అర్ధరాత్రి రెండింటికి పడుతుంది. తెల్లారి పాలు విరిగితే ఆ నేరం పాలవాడి మీదికి పోతుంది.

ఇక్కడ అందరూ తెచ్చే బలమైన అభ్యంతరం ఒకటుంది. "ఇదే ఇస్త్రీపెట్టె పక్కింట్లో పెడితే బ్రహ్మాండంగా పనిచేసింది, అక్కడ పడలేదు." దీన్ని నిర్దోషిత్వానికి తిరుగులేని రుజువుగా చూపిస్తారు. పక్కింట్లో ఆర్‌సీసీబీ ఉందా అని మాత్రం ఎవరూ అడగరు. పోలీసు లేని ఊళ్ళో దొంగ పట్టుబడలేదంటే దొర అయినట్టా? దీనికి అన్నగారు మరో అభ్యంతరం: "మా తాతల నాటి ఇల్లు, చెక్క బద్దీల మీద తీగలు, పింగాణీ ఫ్యూజులు, ఒక్కనాడూ ఈ గోల లేదు." చిక్కడపల్లివాళ్ళకు ఈ మాట అనే హక్కు ఇంకొంచెం ఎక్కువే. హుస్సేన్‌సాగర్ ఒడ్డున నిజాం కాలంలో 1920లో థర్మల్ కేంద్రం వెలిసింది కూతవేటు దూరంలోనే. కాని ఆ రోజుల్లో ఇంటి లోడంటే నాలుగు బల్బులు, ఒక ఫ్యాను, ఆకాశవాణి వినడానికి ఒక పెట్టె. పైగా ఫ్యూజు కొట్టేస్తే అందులో కట్టింది ఏ తీగ? చేతికందింది. ఒక పోగు ఉండాల్సిన చోట నాలుగు పోగులు మెలిపెట్టి కట్టిన ఫ్యూజు ఇక ప్రళయానికి తప్ప కరగదు. ఆ ఇళ్ళలో గోల లేకపోవడం నిజమే, గోలపెట్టే నోటిలో గుడ్డలు కుక్కారు కనుక. నల్లా ముట్టుకుంటే "కొంచెం ఎర్త్ వస్తుంది, చెప్పులేసుకుని స్నానం చెయ్" అని చుట్టాలకు జాగ్రత్తలు చెప్పిన ఇళ్ళు కూడా అవే. దాన్ని ఇంటి ఆచారం అనుకున్నారు.

ఆర్‌సీసీబీని వెనకేసుకొచ్చేవాణ్ణి కనుక వాడి లోపాలూ ఒప్పుకోవాలి. కొన్నిసార్లు ఏ ఒక్కరి తప్పూ లేకుండానే పడుతుంది. మంచి ఫ్రిజ్, మంచి వాషింగ్ మెషీన్, మంచి కంప్యూటరు కూడా సహజంగా తలా కాస్త కారుస్తాయి, దానికి ప్రమాణాలే అనుమతి ఇచ్చాయి. ఇల్లంతటికీ ఒకే ఆర్‌సీసీబీ పెడితే ఈ చిల్లర దొంగతనాలన్నీ కలిసి 15 దాటి, చివరగా ప్లగ్గు పెట్టిన పాపానికి ఒక అమాయకపు కెటిల్ బలవుతుంది. ఇన్వర్టరు బిగించినవాళ్ళు రెండు లైన్ల న్యూట్రళ్ళు కలిపేస్తే, వస్తువుల్లో ఏ దోషమూ లేకున్నా లెక్క తప్పుతుంది. ఇవి నిజమైన ఇబ్బందులే. వీటికి మందు వంటింటికొకటి, స్నానాలగదులకొకటి వేరుచేయడం, కలిసిన న్యూట్రళ్ళను విడదీయడం. మన దగ్గర చేసే వైద్యం వేరు: ఆర్‌సీసీబీని పక్కకు తప్పించి రెండు తీగలూ నేరుగా కలపడం. దొంగొచ్చాడని ఓండ్రపెట్టిన గాడిదను బాదిన చాకలి కథ చిన్నప్పుడు నవ్వుకుంటూ చదివినవాళ్ళే ఎలక్ట్రీషియన్‌కు మూడొందలిచ్చి ఆ పని చేయిస్తారు. బిల్లు కోసమైనా లీకు పట్టించుకుంటారేమో అంటే ఆ ఆశా లేదు. 30 మిల్లీ ఆంపియర్ల లీకంటే 7 వాట్లు, నెలంతా కారినా 5 యూనిట్లు. 200 యూనిట్ల దాకా గృహజ్యోతి పథకంలో ఉచితమయ్యాక ఆ 5 యూనిట్లకు ఏ ఇంటి యజమాని నిద్రా చెడదు.

ఎర్తింగ్ సంగతి కొంచెమే చెబుతాను, ఎక్కువ చెబితే పోట్లాట అవుతుంది. మూడు పిన్నుల ప్లగ్గులో పైదాన్ని లావుగా, పొడుగ్గా చేసింది అది ముందుగా తగిలి అందరికంటే ఆఖరున వదలాలని. మనం దాన్ని రెండు పిన్నుల అడాప్టరులో దూర్చి ఊరికే గాల్లో వదిలేస్తాం. అపార్టుమెంటు కట్టినప్పుడు బొగ్గూ ఉప్పూ పోసి పూడ్చిన ఎర్త్ గొయ్యి మీద ఇవాళ పార్కింగ్ టైల్స్ ఉంటాయి, వాటి మీద సెక్రటరీగారి కారుంటుంది. ఎర్త్ లేకున్నా ఆర్‌సీసీబీ పనిచేస్తుంది. కాకపోతే లీకయిన కరెంటు పోవడానికి దారి లేక గీజరు ఒంటి మీదే కాచుకుని కూర్చుంటుంది, ఎవరో ఒకరు తడిచేత్తో నల్లా తిప్పేదాకా. అప్పుడు పడుతుంది. అంటే ఎర్త్ ఉన్న ఇంట్లో స్నానానికి ముందే తెలిసే విషయం ఎర్త్ లేని ఇంట్లో స్నానం మధ్యలో తెలుస్తుంది.

అమెరికాలో ఈ కాపలావాణ్ణి గోడ సాకెట్‌లోనే పెట్టేశారు. స్నానాలగదుల్లో 1975 నుంచీ అది తప్పనిసరి. అక్కడికి వెళ్ళిన మన తల్లిదండ్రులు వాష్‌బేసిన్ పక్కనున్న చిన్న బటన్లను చూసి కాలింగ్ బెల్లనుకున్నా, నొక్కి చూస్తారు. ఇక్కడ ఆర్‌సీసీబీ మీది 'టి' బటన్ కూడా అందుకే ఉంది, అప్పుడప్పుడూ నొక్కి సాక్షి బతికే ఉన్నాడా అని చూసుకోమని. నొక్కగానే పడితే ఉన్నట్టు, పడకపోతే ఇన్నాళ్ళూ ఉత్తి డబ్బాకు దణ్ణం పెట్టినట్టు. కాని దాన్ని నొక్కాలంటే ముందు డబ్బా మూతకు వేలాడుతున్న క్యాలెండరు తీయాలి, గ్యాసు బండ ఎప్పుడు మార్చారో రాసుకున్నది దాని మీదే. ఆ తర్వాత హాల్లో సీరియల్ అయిపోయిందో లేదో కనుక్కోవాలి. మధ్యలో నొక్కినవాడి తరఫున సాక్ష్యం చెప్పడానికి ఆ డబ్బాలోంచి ఎవరూ రారు.