నోటి అద్దం వాంగ్మూలం

నేను పంటి డాక్టరు చేతిలోని అద్దాన్ని. రూపాయి బిళ్ళంత ముఖం, వంగిన మెడ, స్టీలు కాడ, అంతే నా ఒళ్ళు. ఒక నోటికీ మరో నోటికీ మధ్య నా మజిలీ ఆటోక్లేవు. 121 డిగ్రీల ఆవిరిలో పావుగంట ఉడికితే గానీ నన్ను మళ్ళీ ట్రేలో పెట్టరు. పళ్ళు చూడడానికే నన్ను చేసినా, నా పనిలో సగం బుగ్గను పక్కకు లాగి పట్టుకోవడం, నాలుకను ఓ వారకు నెట్టడం. అందువల్ల పళ్ళకంటే వాటి చుట్టూ ఉన్న మెత్తటి చోట్లే నాకు బాగా పరిచయం. అక్కడ పదేపదే లేచే నోటిపూత గురించి నాకో పేచీ ఉంది. కారం తగిలితే కళ్ళనీళ్ళు తెప్పించి, వారం పదిరోజుల్లో దానంతటదే మాని, కొన్నాళ్ళకు ఇంకోచోట లేచే బాపతు ఇది. వెనకటివాళ్ళు వేడి చేసిందన్నారు. ఇప్పటివాళ్ళు వైరస్ అంటున్నారు. ఆ రెండో మాట మొదటిదానికంటే శాస్త్రీయంగా వినబడుతుంది గానీ, నిజానికి దానికంటే దగ్గరేమీ కాదు.

వైరస్ లేదని కాదు. హెర్పిస్ సింప్లెక్స్ ఒకటో రకం ప్రపంచంలో 50 ఏళ్ళలోపు వాళ్ళలో సుమారు మూడింట రెండొంతుల మందిలో ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఎక్కువగా చిన్నతనంలోనే ఒంట్లో చేరి, ముఖానికి స్పర్శనిచ్చే నరం మొదట్లో ఉన్న కణుపులో జన్మంతా దాక్కుంటుంది. జ్వరమో, ఎండో, దిగులో సందిస్తే ఆ నరం వెంట దిగి వస్తుంది. వచ్చేది ఎక్కడికి? పెదవి అంచుకి. నోటి లోపలైతే ఎముకను అంటిపెట్టుకున్న గట్టి చర్మం మీదికి, అంటే చిగుళ్ళకు, అంగిలి ముందుభాగానికి. ముందు చిన్న చిన్న నీటిపొక్కులు గుత్తిగా లేచి, తర్వాత పగులుతాయి. నోటిపూత దారే వేరు. అది పెదవి లోపలివైపు, బుగ్గ లోపల, నాలుక అడుగున, కదిలే మెత్తటి చోట్ల పుడుతుంది. పొక్కు దశ లేదు. నిన్న మంట, ఇవాళ గుండ్రటి గుంట, దాని అడుగున పాలిపోయిన పసుపు పొర, చుట్టూ ఎర్రటి గీత. రోగనిరోధక శక్తి బాగా ఉన్న మనిషిలో ఈ రెండూ ఒకదాని హద్దు ఒకటి దాటడం అరుదు. పుండు ఎలా ఉందన్నదానికంటే ఎక్కడ ఉందన్నదే పెద్ద సాక్ష్యం. బుగ్గ లాగి చూసే ఓపికుంటే అది దొరుకుతుంది.

సాక్ష్యం ఇంకా ఉంది. చేతి తొడుగులు అలవాటు కాని కాలంలో పంటి డాక్టర్ల వేళ్ళకు హెర్పిస్ గోరుచుట్టు రావడం తెలిసిన సంగతే. నా కాడ పట్టుకున్న వేళ్ళే రోగి పొక్కుల్ని తాకేవి. నోటిపూత మాత్రం ఒకరి నోటినుంచి ఇంకొకరికి అంటదు. మందుల సంగతి చూడండి. పెదవి పొక్కు మొదలవుతుండగానే వాడితే ఎసైక్లోవిర్ కొంత పనిచేస్తుంది. నోటిపూతకు ఇచ్చి చూస్తే దానివల్ల లాభం తేలలేదు. దానికి పనిచేసేది స్టెరాయిడ్ పేస్టు. ఒంటి కాపలాను అణిచే స్టెరాయిడ్ వైరస్‌కు మేలు చేయాలి కదా, పుండును మాన్పడమేమిటి? పుండు పెడుతున్నది ఆ కాపలా కణాలే గనక. 1997లో అమెరికాలో హెచ్ఐవీ ఉన్నవాళ్ళ నోటిపూతకు, నిరోధక స్పందనను మార్చే థాలిడోమైడ్ ఇచ్చారు. నాలుగు వారాల్లో 29 మందిలో 16 మందికి పూర్తిగా మానింది, ఉత్తుత్తి మాత్ర మింగిన 28 మందిలో ఇద్దరికే మానింది. (గర్భంలో పిల్లలకు చేసిన చేటు వల్ల ఆ మందు పేరు చెడిపోయింది, మామూలు నోటిపూతకు దాని జోలికి పోరు.)

అయినా ఎదురు ప్రశ్నలు ఉన్నాయి, కొట్టిపారేయదగ్గవి కావు. పుండు నుంచి తీసిన ముక్కలో వైరస్ డీఎన్ఏ అప్పుడప్పుడు దొరికింది కదా అంటారు. దొరికింది. కానీ అవే వైరస్‌లు ఏ పుండూ లేనివాళ్ళ లాలాజలంలో కూడా వస్తూ పోతూ ఉంటాయి. సంతలో కనబడిన ప్రతివాడూ జేబుదొంగ కాడు. పిల్లలకు వైరస్ వల్లే నోరు పూస్తుంది కదా అంటారు. అదీ నిజమే. కాక్సాకీ వైరస్ అరిచేతుల్లో, అరికాళ్ళలో, నోట్లో పొక్కులు లేపుతుంది. హెర్పిస్ తొలిసారి సోకినప్పుడు జ్వరంతో నోరంతా పుండవుతుంది. కానీ అవి వచ్చి పోయే జబ్బులు. ఏళ్ళ తరబడి జ్వరం లేకుండా ఒకటీ రెండూ చొప్పున తిరిగొచ్చే పూత వేరు. ఇక అన్నింటికంటే బలమైన వాదన మూడోది. వైరస్ పుండు చేయకపోయినా, ఎప్పుడో కాపలా కణాల్ని రెచ్చగొట్టి తాను తప్పుకొని ఉండవచ్చు కదా? 1937లో ఇస్తాంబుల్ డాక్టర్ హులూసీ బెహ్చెట్ నోటిపుండ్లు, మర్మాంగాల పుండ్లు, కంటివాపు కలిసి వచ్చే జబ్బును వర్ణించినప్పుడు ఆయన అనుమానమూ వైరస్ మీదే. ఆ తలుపును నేను మూయలేను. అయితే ఎప్పుడో నిప్పు పెట్టి పోయినవాడి కోసం ఇవాళ వైరస్ మందు మింగితే మంట ఆరదు.

మరి వెతకాల్సింది ఎక్కడ? చాలాసార్లు రక్తంలో. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 తగ్గినవాళ్ళలో ఈ పూత ఎక్కువ. మందుల షాపులో అడగ్గానే చేతిలో పెట్టే బీ-కాంప్లెక్సును ఊరికే వెక్కిరించలేం. 2009లో ఇజ్రాయెల్‌లో జరిగిన పరీక్షలో ఆరు నెలలు రోజూ బీ12 వాడినవాళ్ళలో ఎక్కువమందికి చివరి నెలలో పుండు లేవలేదు. అమ్మకో నాన్నకో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. పంటి అంచు గీరుకున్నా, కొందరికి టూత్‌పేస్టులోని నురగ పదార్థం పడకపోయినా లేస్తుంది. సిగరెట్ మానగానే కొందరికి మొదలవుతుంది, దాంతో మానడమే తప్పనుకుంటారు పాపం.

వైరసనో వేడనో ఒక పేరు పెట్టేసుకుంటే చూడడం ఆగిపోతుంది, నా అసలు భయం అది. నోటిపూతకు రెండు గుణాలు: మానుతుంది, చోటు మారుతుంది. మూడు వారాలు దాటినా కదలకుండా, అంచులు గట్టిపడి, నొప్పి కూడా లేకుండా కూర్చున్నది నోటిపూత కాదు. గుట్కా, ఖైనీ దవడన పెట్టుకునేవాళ్ళలో అది సరిగ్గా ఆ దవడనే కనబడుతుంది. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో చుట్ట నిప్పును నోటి లోపలివైపు పెట్టుకొని అడ్డపొగ తాగే ఆడవాళ్ళలో అంగిలి మీద వస్తుంది. అంగిలి నేరుగా కనబడదు, తల వెనక్కి వాల్చి, నన్ను నాలుక మీదుగా తలకిందులుగా తిప్పి పట్టాలి. అప్పుడు కనబడిన దానికి పేస్టు రాయరు, చిన్న ముక్క కోసి ల్యాబుకు పంపుతారు.