గాలికి వేగిన ఆరోగ్యం

చెనిక్కాయ పండే సీమలో నిలబడి నూనె పాపమని చెప్పే ధైర్యం మొన్నమొన్నటి దాకా ఎవరికీ లేకపోయింది. ఇప్పుడొక పెట్టెకు వచ్చింది. చక్రాయపేట, వేంపల్లె, పులివెందుల... కాస్త కలిగిన ఇల్లయితే చాలు, వంటగట్టు మీద మిక్సీని మూలకు నెట్టి అది కూర్చుంటోంది. చిన్నదైతే ఎయిర్ ఫ్రయర్, కొంచెం ఒళ్ళున్నదైతే కన్వెక్షన్ ఓవెన్. చుట్టం గడప దాటగానే మంచినీళ్ళ కన్నా ముందు దాని దర్శనం చేయిస్తారు. "చుక్క నూనె లేదు వదినా, తిని చూడు" అని ప్లేటులో నాలుగు పెడతారు. వదిన నమిలి, నమిలి, మర్యాదకు "బాగుండాయి" అంటుంది.

ఇంతకీ అందులో ఉన్నదల్లా ఒక కాలే తీగ, ఒక పంకా. వేడిగాలిని గిరగిరా తిప్పి తిండి మీదికి తోలుతుంది. విమానాల్లో గడ్డకట్టిన భోజనాలు వేడి చేయడానికి 1945లోనే విలియం మాక్సన్ అనే అమెరికన్ పంకా ఉన్న పొయ్యి తయారు చేశాడు. ఫిలిప్స్ కంపెనీ 2010లో బెర్లిన్ ప్రదర్శనలో అదే సూత్రాన్ని చిన్న బుట్టకు కుదించి పెట్టింది. అరవై ఐదేళ్ళ నాటి సూత్రానికి కొత్తగా చేర్చిన సరుకు ఒక్కటే, ఆరోగ్యం.

మనవైపు ఇది అంగళ్ళ నుంచే కాదు, కువైట్ నుంచి కూడా దిగుతుంది. అట్టపెట్టెకు నైలాన్ తాడు బిగించి, పైన పేరూ ఊరూ స్కెచ్ పెన్నుతో లావుగా రాసి, విమానంలో వేసుకొస్తారు. తీరా విప్పితే కువైట్ ప్లగ్గుకు మూడూ చదును కాళ్ళు, మన గోడకేమో గుండ్రటి బొక్కలు. వేంపల్లెలో ఒక కన్వర్టర్ కొని, దాన్ని టీవీకి పెట్టే మామూలు 5 ఆంపియర్ల ప్లగ్గులో దోపి, 1500 వాట్లు లాగుతారు. ఆ ఇంట్లో ముందు వేగేది బజ్జీ కాదు, స్విచ్‌బోర్డు. అక్కడ కువైట్‌లో ఇలాంటి పెట్టె ముందే నిలబడి ఎవరి పిల్లలకో వండిపెట్టే కడప జిల్లా ఆడబిడ్డ, రాత్రి ఫోన్ చేసి "మా, సంగటి చేసినావా, ఊరిమిండి నూరినావా?" అని అడుగుతుంది. "లేదు, నువ్వు పంపినదాంట్లో ఏందో కాలుస్తాండా" అంటుంది తల్లి. ఇద్దరిలో ఎవరు పరాయి దేశంలో ఉన్నారో చెప్పడం కష్టం.

బజ్జీ సంగతి చూద్దాం. శనగపిండి జారుగా కలిపి మిరపకాయను ముంచి బాండ్లిలో వదిలితే, 170 డిగ్రీల నూనె నాలుగు పక్కలా ఒక్కసారి పట్టుకుని పిండిని గట్టిపరుస్తుంది. గాలికి ఆ పట్టు లేదు. వేడిని తనగుండా పోనివ్వడంలో అది నూనెకు చాలా వెనక. పైగా పంకా తోపు. పిండి గట్టిపడేలోగా బుట్ట బొక్కల్లోంచి కారి కిందికి చేరుతుంది, పైన బట్టలూడిన మిరపకాయ మిగులుతుంది. ఇది కనిపెట్టిన తెలివైనవాళ్ళు పిండిని ముద్దగా కలిపి, బ్రష్షుతో నూనె పూసి, మధ్యలో బయటికి తీసి తిరగేసి మళ్ళీ పూసి, చివర "నూనె లేని బజ్జీ" అని ఫొటో తీసుకుంటారు. ఫొటోలో బ్రష్షు ఉండదు.

ఈ లెక్కన శ్రావణ శనివారం గండి వీరాంజనేయస్వామికి వడమాల మొక్కుకున్నవాళ్ళు కూడా పెట్టెలో కాల్చిన వడలే దండ గుచ్చుకుని పోవచ్చు. వాయుపుత్రుడు కదా, గాలిలో వేగినవంటే కాదనడు! కాకపోతే 108 వడలు కావాలి. బుట్టకు ఆరు చొప్పున 18 వాయిలు, వాయికి 20 నిమిషాలు, మొత్తం ఆరు గంటలు. పాపాఘ్ని ఒడ్డుకు చేరేసరికి హారతి అయిపోయి, వచ్చిన జనం ఇండ్లకు మళ్ళి ఉంటారు.

అసలు సీమ వంటలో నూనె యాడుందని? రాగిసంగటి ఉడుకుతుంది, పప్పు ఉడుకుతుంది, పులుసు మరుగుతుంది, ఊరిమిండి రోట్లో నలుగుతుంది, జొన్నరొట్టె పెనం మీద పొడిగా కాలుతుంది. తిరగవాతకు పడేది గరిటెడు. మడుగు నూనె కాగేది పండక్కి, పెండ్లికి. ఆ రోజు బాండ్లి పొయ్యెక్కితే వాసన పట్టుకుని వీధి పిల్లలంతా గుమ్మం ముందు చేరేవాళ్ళు. ఆ పండగను మనం రోజువారీ చేసుకున్నాం. సాయంత్రం నాలుగైతే బజ్జీ, ఆరైతే పునుగులు, ఆదివారమైతే కబాబులు. పొట్ట పెరిగింది. దానికి విరుగుడుగా కొన్నదేమిటి? అదే బజ్జీని, అవే పునుగులను, మనసులో బెరుకు లేకుండా రోజూ చేసిపెట్టే యంత్రం! మానుకోవడం అనే సరుకును ఏ కంపెనీ అమ్మదు. దానికి వారంటీ ఇవ్వలేరు, ఈఎంఐ కుదరదు. 2025 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి 'మన్ కీ బాత్'లో వంటనూనె పది శాతం తగ్గించుకోమన్నారు. అంటే పది గరిటెలకు ఒక గరిటె. చెయ్యి కాస్త వెనక్కి లాగితే అయిపోయే పనికి మనవాళ్ళు ప్రొద్దుటూరు దాకా పోయి పెట్టె మోసుకొచ్చారు.

నూనె తగలకుండా చెనిక్కాయలు వేయించామని మురిసేవాళ్ళు వేరే ఉన్నారు. చెనిక్కాయ పప్పులో దగ్గర దగ్గర సగం నూనే. చేపను తడి తగలకుండా పెంచామన్నట్టుంది ఆ గొప్ప. ఇంకొకరి ధీమా ఉర్లగడ్డల మీద. నూనెలో కాదు కాబట్టి ఎంత ఎర్రగా మాడ్చినా ఫరవాలేదట. 120 డిగ్రీలు దాటి వేగిన ఉర్లగడ్డల్లాంటి పిండి తిండిలో ఆక్రిలమైడ్ అనే హానికర రసాయనం పుడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. అది పుట్టేది మాడ్చే వేడికి. ఆ వేడిని మోసుకొచ్చింది నూనెనా, గాలా అని అది చూసుకోదు.

నిజంగా భయపడవలసిన నూనె ఒకటుంది. కాచి, చల్లార్చి, మళ్ళీ మళ్ళీ కాచి నల్లబడ్డ నూనె. అలా కాచినకొద్దీ అందులో పేరుకునే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2018 జూలై 1 నుంచి అమలు పెట్టింది. ఇంటికి పెట్టె తెచ్చిన పెద్దమనిషి సాయంత్రం బస్టాండు కాడ ఆ నల్లనూనె బజ్జీలే ఉల్లిపాయ ముక్కలు నంజుకుని తిని, మూతి తుడుచుకుని, ఇంటికొచ్చి పెండ్లానికి నూనె గురించి నాలుగు మంచి మాటలు చెబుతాడు.

పొగ లేని వంట అన్న గొప్ప కూడా ఉంది. పొగ ఎక్కడికీ పోలేదు, కలమల్ల దాకా పోయింది, అంతే. అక్కడ, ముద్దనూరు దారిలో, 1994 నుంచి బొగ్గు మండిస్తున్న రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం, 1650 మెగావాట్లది, మన జిల్లాలోనే ఉంది. దాని గొట్టాలు మన వంటింటి కిటికీలోంచి కనపడవు కాబట్టి మనం పరిశుద్ధులం. జమ్మలమడుగు పక్క మైలవరంలో సోలార్ పలకలు లేవా అంటారు. ఉన్నాయి, కానీ ఎండ దిగాక వాటి పని అయిపోతుంది. మనకు బజ్జీ మీదికి మనసు పోయేది సరిగ్గా అప్పుడే.

పెట్టె దండగ అనడం లేదు. కారం, అల్లంవెల్లుల్లి పట్టించిన కోడికాలును బాగా కాలుస్తుంది. పచ్చడికి వంకాయ కాలుస్తుంది. నిన్నటి మెత్తబడిన సమోసాను మళ్ళీ కరకరలాడిస్తుంది. పొయ్యి ముందు ఎక్కువసేపు నిలబడలేని జేజికి అది నిజంగా మేలు. ఓవెన్‌ను ఓవెన్‌గా వాడుకుంటే ఎవరికీ తగువు లేదు, డాక్టరును చేసి కూర్చోబెడితేనే తంటా. ఇక వాడిన ప్రతిసారీ ఆ బుట్టను తోమడం ఒకటుంది. నూనె లేని వంటకు జిడ్డెక్కడిదని కొన్నాయన అడుగుతాడు. ఆయన్నే తోమమనండి.