నా మీద రాసిన తైబందీ

నా ఒంటి మీద కుడివైపు పైమూలన 62 అనే అంకె ఉంది. పొద్దున్నే కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడ్డప్పుడే కనబడుతుంది. ఎవరో చూసుకోకుండా పర్మనెంటు మార్కరుతో రాశారు. శానిటైజరు పోసి రుద్దితే రంగు పోయింది గానీ నీడ పోలేదు.

నేను వైట్‌బోర్డును. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు, అల్యూమినియం అంచు. హైదరాబాదు నుంచి డీసీఎంలో, పాత దుప్పటి చుట్టి, 44వ నంబరు జాతీయ రహదారి మీదుగా మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లికి తెచ్చారు. ఇక్కడి ఐటీ టవర్ 2023 మే 6న మొదలైంది. పట్నంలో హాస్టలు కూడు తింటూ చేసే కొలువు, ఇంటి నుంచి సద్ది కట్టుకొచ్చి చేసుకోవచ్చని ఈ పిల్లలు ఎంత మురిసిపోయారో నన్ను గోడకు బిగించిన రోజే విన్నాను.

జట్టులో ఆరుగురు. రెండు వారాలకొక స్ప్రింటు, అంటే పని విడత. మొదటి రోజు చేయాల్సిన పనులన్నీ స్టిక్కీ నోట్ల మీద రాసి నాకు అంటిస్తారు. ప్రతి నోటు మూలన ఒక అంకె: 1, 2, 3, 5, 8, 13. అవి గంటలు కావు. ఈ పని ఆ పని కంటే ఎంత బరువో పోల్చి వేసే పాయింట్లు.

ఆ వానాకాలం ఒక స్ప్రింటుకు 62 పాయింట్ల పని నా మీదికెక్కింది. పని ఇచ్చిన అవతలి వాళ్ళకు డెమో ఉందట. ఫోన్లో ‘అయిపోతుంది సార్’ అన్న మాట ఇక్కడి నుంచే పోయింది. మీ చేత ఎంత అవుతుందని ఆరుగురిలో ఒక్కరినీ అడగలేదు. పాలమూరు కూలీ చేతి సత్తువను ఎన్నో ఏళ్ళు ఊరవతలి వాళ్ళే లెక్కగట్టారు. వాళ్ళ మనవలు కంప్యూటరు ముందు కూర్చున్నాక కూడా అదే జరగడం నాకు బాధగా ఉండింది.

తొమ్మిదో రోజు రాత్రి పదకొండు దాటింది. ఏసీ గాలికి జిగురు వదిలి నోట్లు ఒక్కొక్కటే రాలుతున్నాయి. దేవరకొండ వైపు నుంచి వచ్చే పిల్లవాడు వంగి వాటిని ఏరి, బొటనవేలితో నొక్కి నొక్కి అంటించాడు. ఆఖరి బస్సు పోయింది. రెండు కుర్చీలు దగ్గరకు లాక్కుని అక్కడే పడుకున్నాడు. మర్నాటికి ‘పూర్తి’ గడిలో ఉన్నవి 31. మిగతావన్నీ సగం సగం చేసి టెస్టింగు దగ్గర ఇరుక్కున్నాయి.

తర్వాత రెండు స్ప్రింట్లలో 36, 35. దసరా స్ప్రింటు ప్లానింగులో మళ్ళీ పెద్ద అంకె రాబోతుంటే ఒకమ్మాయి లేచింది. వాళ్ళ తాత ఊరి చెరువుకు నీరటి, పొలాలకు నీళ్ళు వదిలేవాడు.

“అన్నా, నీళ్ళు జూడకుండ నారు వోస్తరా? మా తాత యాసంగికి ముందు తూము కాడ నీళ్ళెంతున్నయో జూసేటోడు. అటెన్క ఊరంత కూసొని తైబందీ రాసుకునేటోళ్ళు, ఈసారి ఎవలు ఎన్ని గుంటలు ఎయ్యాల్నో.”

మార్కరు తీసుకుని నా నడుమ చెరువు గీసింది. ఆరుగురు, పది రోజులు: 60. దసరా సెలవుకు 6 పోయాయి. సద్దుల బతుకమ్మకు ఇద్దరు ఆడపిల్లల రోజులు 2. పాత కస్టమర్ల పనిలో తప్పులు సరిచేయడానికే ఎప్పుడూ ఒకరు కూర్చుంటారు, దసరా తీసేస్తే ఆ రోజులు 9. మిగిలింది 43. మామూలు స్ప్రింటులో 50 ఉంటాయి, వాటితో సగటున 34 పాయింట్లు అయ్యాయి. అంటే ఈసారి 29. గీత గీసి, 29 కింద రెండుసార్లు అడ్డగీత కొట్టింది.

లీడు చాలాసేపు చూశాడు. “అన్న” అనిపించుకున్నందుకు ఆ రోజు నిలబడ్డాడు. ఆ లెక్కనే ఫోన్లో చదివి వినిపించాడు. అవతలి గొంతు పెరిగింది, తర్వాత తగ్గింది. ఏది ముందు కావాలో అవతలి వాళ్ళే ఎంచి చెప్పారు.

ఆ సాయంత్రం లీడు జట్టుకు హైదరాబాదు ముచ్చటొకటి చెప్పాడు. 2004లో మైక్రోసాఫ్ట్ లోపల వాడుకునే సాఫ్ట్‌వేర్లను బాగుచేసే ఎక్స్‌ఐటీ జట్టు అక్కడ ఉండేది. చిన్న మార్పు అడిగినా చేతికి రావడానికి అయిదు నెలలు పట్టేది. మేనేజరు డ్రాగోష్ డుమిత్రియు, ఆయనకు సలహాలిచ్చిన డేవిడ్ ఆండర్సన్ కలిసి చూస్తే, ఎంత పడుతుందో అంచనాలు కట్టడానికే జట్టు సమయంలో దాదాపు మూడో వంతు కరిగిపోతోందని తేలింది. అంచనాలు మానేశారు. చేతిలో ఉన్నది అయ్యాకే కొత్తది తీసుకున్నారు. మరుసటి ఏడాది చివరికి అలాంటి మార్పే రెండు వారాల్లో రావడం మొదలైంది. ఈ నేల మీద జరిగిన సంగతిని మన పిల్లలు ఇంత ఆలస్యంగా వినడమేమిటా అనిపించింది నాకు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. మా సగటు 34ను కూలి లెక్క చేసి, వచ్చేసారి 40 తెమ్మంటే, 3 వేయాల్సిన నోటు మీద 5 పడుతుంది. 62 తర్వాత భయంతో అలా దిద్దిన నోట్లు నాకే అంటించారు. అంకె పెరిగింది, పని పెరగలేదు.

దసరా స్ప్రింటులో 29లో 26 అయ్యాయి. అన్నీ టెస్టింగు దాటినవే. 3 పాయింట్ల నోటొకటి మిగిలింది, పసుపుపచ్చది, మూల మడతపడి. సద్దుల నాడు ఆ ఇద్దరి కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఎవరూ ఫోన్ చేయలేదు.

ఇప్పుడు ప్లానింగు రోజున ఆ అమ్మాయి డస్టరుతో నన్ను పైనుంచి కిందికి తుడుస్తుంది. 62 నీడ దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఇంకా ఒక్క నోటూ అంటించకముందే వెనక్కి తిరిగి అడుగుతుంది:

“ఎవలెవలు ఊరికి వోతున్నరు? ముందుగాల అది చెప్పుండ్రి.”