బాదం వాసన సీసా

మూత తియ్యగానే పిల్లలు "అబ్బ, బాదం ఐస్‌క్రీం!" అంటూ ముక్కులు దగ్గరికి తెస్తారు. రసాయనాలను అలా వాసన చూడకూడదని గోడ మీద రాసే ఉంది. వాళ్ల ముక్కు మాత్రం అబద్ధం చెప్పదు. మిఠాయిల్లో వేసే బాదం ఎసెన్స్‌లో ముఖ్యమైన సరుకు నేనే. నా పేరు బెంజాల్డిహైడ్. మకాం ఒక డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో, ముదురు గోధుమరంగు సీసాలో.

చేదు బాదం గింజలో అమిగ్డలిన్ అనే పదార్థం ఉంటుంది. గింజను నలిపి నీళ్లు తగలనిస్తే అది విడిపోయి గ్లూకోజ్, నేను, హైడ్రోజన్ సయనైడ్ బయటికొస్తాం. డిటెక్టివ్ నవలల్లో శవం దగ్గర బాదం వాసన పసిగట్టే ఇన్‌స్పెక్టర్లు ఉంటారే, వాళ్లు నా ఊసెత్తరు. పేరంతా ఆ విషానికే పోయింది.

ఈ సీసాలో ఉన్న నన్ను గింజలోంచి తియ్యలేదు, టోలీన్‌తో తయారుచేశారు. టోలీన్ అంటే బెంజీన్ వలయానికి ఒక మిథైల్ సమూహం. దాన్ని పొటాషియం పర్మాంగనేట్‌తో కాస్తే నా దగ్గర ఆగనే ఆగదు, ఏకంగా బెంజోయిక్ ఆమ్లం దాకా పోతుంది. ఆల్డిహైడ్ కావాలంటే అరిసెల పాకాన్ని ముదరకముందే దించినట్టు మధ్యలో ఆపాలి. నన్ను తయారుచేసే పద్ధతుల్లో చాలావరకు ఈ ఆపడం కోసం పడిన తంటాలే. వెలుగులో క్లోరిన్ పంపి, మిథైల్‌లోని రెండు హైడ్రోజన్ల చోట క్లోరిన్లు పెట్టి, తర్వాత జలవిశ్లేషణ చెయ్యడం ఒక దారి. క్రోమిల్ క్లోరైడ్ వాడే ఎటార్డ్ పద్ధతిలో అయితే క్రోమియం సంక్లిష్టం ఒకటి ఏర్పడి, నీళ్లు పోసేదాకా నన్ను బయటికి రానివ్వదు. నాకు బాగా నచ్చింది రోజెన్‌మండ్ పద్ధతి. అది పైనుంచి కిందికి దిగుతుంది. బెంజోయిల్ క్లోరైడ్‌ను హైడ్రోజన్‌తో క్షయకరణం చేస్తారు. ఉత్ప్రేరకం పల్లాడియం. దాన్ని బేరియం సల్ఫేట్ మీద పరిచి, కావాలనే కాస్త విషం పెట్టి జోరు తగ్గిస్తారు. జోరు తగ్గకపోతే అది నన్ను దాటి ఆల్కహాల్ దాకా దిగిపోతుంది.

మా ఇంటి చరిత్రలో 1832 పెద్ద సంవత్సరం. ఆ ఏడాది జర్మనీలో రసాయన శాస్త్రవేత్త వోలర్ భార్య చనిపోయింది. స్నేహితుడు లీబిగ్ ఆయన్ని గీసెన్‌లోని తన ప్రయోగశాలకు రమ్మన్నాడు. ఇద్దరూ కలిసి చేదు బాదం నూనె మీద పడ్డారు. గాలి తగిలితే అది బెంజోయిక్ ఆమ్లమైంది, క్లోరిన్‌తో బెంజోయిల్ క్లోరైడైంది, దానికి అమోనియా తగిలిస్తే బెంజమైడైంది. ఇన్ని వేషాల్లోనూ కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ ఉన్న ఒక ముక్క చెక్కుచెదరకుండా ఒకదాన్నుంచి ఇంకోదానికి పోతోందని వాళ్లు పట్టుకున్నారు. దానికి బెంజోయిల్ అని పేరు పెట్టారు. మీ పాఠ్యపుస్తకంలో ప్రమేయ సమూహాల పాఠం వెనక ఆ వేసవిలో చేసిన పని ఉంది.

నా మంచీ చెడ్డా అంతా కార్బొనిల్ కార్బన్‌ని అంటిపెట్టుకున్న ఒక్క హైడ్రోజన్‌లో ఉంది. పక్క సీసా అసిటోఫినోన్ కీటోన్. నాకు హైడ్రోజన్ ఉన్నచోట దానికి మిథైల్. 2,4-డైనైట్రోఫినైల్ హైడ్రజీన్ కలిపితే ఇద్దరం అవక్షేపం ఇస్తాం, ఎవరు ఎవరో తెలియదు. టోలెన్స్ కారకం వేసి వేడినీళ్లలో ఉంచితే టెస్ట్ ట్యూబ్ గోడకి వెండి అద్దం కట్టేది నేనొక్కదాన్నే. ఫెహ్లింగ్ ద్రావణం దగ్గర మాత్రం నా పప్పు ఉడకదు. ఆరోమాటిక్ ఆల్డిహైడ్లు దానికి లొంగవు. అయినా ఏటా ఎవరో ఒకరు రికార్డులో "ఇటుక ఎరుపు అవక్షేపం" అని రాసేస్తారు. ఆల్డిహైడ్ అన్నాక ఎర్రబడాలిగా మరి! అసిటోఫినోన్‌ని అయోడిన్, క్షారంతో కలిపితే పసుపుపచ్చ అయడోఫారం పడుతుంది. ఒక కార్బన్ అలా పోగా మిగిలేది బెంజోయేట్. అంటే తిరిగి తిరిగి తనూ మా ఇంటికే వస్తుంది.

గాఢ క్షారంలో నాకు నాతోనే తగువు. 1853లో కనిజారో అనే రసాయన శాస్త్రవేత్త చూసింది ఇదే. నా అణువుల్లో ఒకటి హైడ్రైడ్‌ని ఇచ్చేసి ఆమ్ల లవణమవుతుంది, పుచ్చుకున్నది బెంజైల్ ఆల్కహాలవుతుంది. ఆల్ఫా హైడ్రోజన్ లేనివాళ్లకే ఈ యోగం.

ఆమ్లంగా మారడానికి నాకు అంత క్షారం కూడా అక్కర్లేదు. ఆక్సిజన్ చాలు. గాలి తగిలిన నా అణువు ముందు పెర్‌బెంజోయిక్ ఆమ్లమవుతుంది, అది ఇంకో అణువుతో కలిస్తే రెండు బెంజోయిక్ ఆమ్లాలు. పొయ్యి లేదు, ఉత్ప్రేరకం లేదు. వెలుగు పడితే ఇంకాస్త తొందర, గోధుమరంగు సీసా అందుకే.

మొన్న అటెండర్ మూతతో కుస్తీ పట్టి, "మేడమ్, ఇది పాడైపోయింది, పారబోసెయ్యనా? మూతంతా తెల్లగా పట్టేసింది" అన్నాడు.

"ఆగు బాబూ. అది బెంజోయిక్ ఆమ్లం. పిల్లల్ని పిలు."

ముగ్గురు పిల్లలు నన్ను సోడియం కార్బనేట్ ద్రావణంతో కడిగారు. ఆమ్లం లవణమై నీళ్లలోకి దిగిపోయింది, నేను నూనెలా విడిగా మిగిలాను. నన్ను ఆరబెట్టి, పీడనం తగ్గించి స్వేదనం చేశారు. కడిగిన నీళ్లలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే తెల్లటి పొడి పడింది. వేడినీళ్లలో కరిగించి చల్లార్చితే మెరిసే స్ఫటికాలయ్యాయి. ద్రవీభవన స్థానం చూస్తే 122 డిగ్రీలు. అసలైన సాంబ్రాణి బంకలో ఉండేదీ ఈ ఆమ్లమేనని మేడమ్ చెబితే, ఒకమ్మాయి నమ్మలేక సెల్‌ఫోన్ తీసింది.

ప్రాక్టికల్ పరీక్షకి వచ్చిన ఎగ్జామినర్ ఆ అమ్మాయినే అడిగారు. "ఆల్డిహైడ్‌నీ కార్బాక్సిలిక్ ఆమ్లాన్నీ ఎలా వేరుగా గుర్తుపడతావమ్మా?"

"సోడియం బైకార్బనేట్ వేస్తాను సార్. బుడగలు పొంగితే ఆమ్లం, పొంగకపోతే ఆల్డిహైడ్."

"ఖాయమేనా?"

అమ్మాయి నా సీసా వంక చూసింది. "సీసా ఎప్పటిదో చెప్పండి సార్. పాతదైతే అదీ కాస్త పొంగుతుంది."