మూడో కన్నం

విశాఖ గాజువాకలో కొత్తగా హోమ్ థియేటర్ కొన్న ఇంటికి ఓసారి వెళ్లి చూడండి. ముందు గదిలో లక్ష రూపాయల ఆంప్లిఫయరు, మూలకో స్పీకరు, వీటన్నిటికీ కలిపి సంతలో కొన్న ఒకే ఒక్క ఎక్స్‌టెన్షన్ బోర్డు. పక్కనే పసుపు కుంకుమలతో స్టెబిలైజరు. దసరాకి దానికి దండ కూడా పడుతుంది. ఇక పిడుగైనా గుమ్మం దగ్గరే చెప్పులు విప్పి ఆగుతుందని ధీమా.

"ఎర్తింగ్ ఉందా బావుగారూ?" అని అడిగితే, "ఎందుకు లేదండీ, మూడు కన్నాల సాకెట్టే కదా!" అంటారు. మూడో కన్నం ఉంది. వెనక తీగే లేదు. ఇల్లు కట్టేటప్పుడు ఎలక్ట్రీషియన్ అడిగాడట, పార్కింగు టైల్సు పాడవుతాయని వీళ్లే వద్దన్నారట. ఏటా 73 లక్షల టన్నుల ఉక్కు తీయగల కర్మాగారం పక్కన కాపురం, నేలలో రెండున్నర మీటర్ల పైపు పాతడానికి ఇనుము కరువు! పరవాడలో సింహాద్రి విద్యుత్ కేంద్రం 2,000 మెగావాట్లు పుట్టించగలదు. ఆ కరెంటు మనింట్లో దారి తప్పితే నేలలోకి పోయే తోవ మాత్రం లేదు.

పాపం, స్టెబిలైజరును అనడానికేం లేదు. మెల్లగా పడి లేచే వోల్టేజిని టక్కుటక్కుమంటూ సర్దడం దాని ఉద్యోగం. పిడుగు తెచ్చే సర్జ్ కన్నుమూసి తెరిచేలోగా వచ్చి పోతుంది, స్టెబిలైజరు లోపలి రిలే నిద్ర లేచేసరికి దినకర్మలే మిగులుతాయి. స్తంభం మీద న్యూట్రల్ ఊడితే మరీ ఘోరం. 230 వోల్టులు రావలసిన ఇంట్లోకి 400 దాకా రావచ్చు. అక్కడ అక్కరకొచ్చేది హై-లో వోల్టేజి కటాఫ్. ఇక సర్జ్ ప్రొటెక్టరు కొని ఎర్తు లేని సాకెట్లో గుచ్చడమంటే, కాలువ తవ్వకుండా తూము కట్టడమే.

ఎర్తు ఉన్న కొద్దిమంది తెలివి ఇంకో రకం. స్పీకర్లో జుమ్మని మోత వస్తే ప్లగ్గు మూడో పిన్నును కటింగ్ ప్లయరుతో తుంచేస్తారు. మోత పోతుంది. ఆంప్లిఫయరు ఇనప డబ్బాకి కరెంటు తగిలిన రోజున మనిషీ పోతాడు. ఆ మోత చాలాసార్లు టీవీ కేబులు వెంట వచ్చే రెండో ఎర్తు పుణ్యం. ఉరుముల రోజు పిడుగు ఎక్కి వచ్చేదీ ఆ కేబులే. దాన్ని పీకే నాథుడు ఉండడు.

నేనేం తక్కువ తినలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి విశాఖను రోజుల తరబడి చీకట్లో కూర్చోబెట్టింది. కరెంటు వచ్చిన క్షణమే తెలియాలని మా ఇంట్లో స్విచ్చులన్నీ వేసే ఉంచాను. తెలిసింది. లైటు కంటే ముందు ఆంప్లిఫయరులోంచి పొగ వచ్చింది.

రేపు కొత్త స్పీకర్లకి బయానా ఇచ్చేముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, ఫేజుకీ మూడో కన్నానికీ మధ్య మీటరు పెట్టించండి. ముల్లు కదలకపోతే ఆ డబ్బు పైపుకి పెట్టండి. టైల్సు మళ్లీ వేయించుకోవచ్చు.