ప్రవేశ పట్టిక ఆత్మకథ

నేను విశాఖ ప్రాంతమున నొక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ప్రవేశ పట్టికను. ఊరివారు నన్ను అడ్మిషన్ రిజిస్టరందురు. హాజరు పట్టీలు ఏటేటా మారును గాని, శాశ్వతముగా భద్రపరుపదగిన దస్త్రము నగుటచే, ప్రధానోపాధ్యాయు లెందరు మారినను నేను ఇనుప బీరువాను విడువలేదు. పేరు, తండ్రి వృత్తి, కులము, మాతృభాష, పుట్టినతేది, పుట్టుమచ్చలు, బడి విడుచుటకు కారణము — ఈ గడులలో నొక గ్రామచరిత్ర యెల్ల నిమిడియున్నది.

నా తొలి పుటలలో బాలికల పేర్లు విరళము. గాలివాన వచ్చిన యేడు పుట్టినాడని తల్లి చెప్పగా, మాస్టరుగారు బిడ్డను తేరిపార జూచి, ఒకటవ తరగతికి తగిన వయస్సు లెక్కించి, జూలై 1 అని వ్రాసెడివారు. ఆ యూహాతిథియే పిమ్మట ఆ బిడ్డ యుద్యోగమునకును, పదవీవిరమణమునకును ప్రమాణమయ్యెను.

పదునాలుగేండ్ల లోపు బాలబాలికల కెల్ల పదేండ్లలో ఉచిత నిర్బంధ విద్య నందింప యత్నింపవలెనని 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 45వ అధికరణము పలికెను. ఆ గడువు దాటిన పిదప గూడ నా 'కారణము' గడిలో పశువుల కాపు, చంటిపిల్లను చూచుకొనుట, వలస అను మాటలే పలుమారు వ్రాయబడెను. 2003లో బడిలోనే మధ్యాహ్న భోజనము వండి పెట్టుట మొదలైన పిమ్మట, కూలికి పోవు తల్లుల బిడ్డలు నిలుకడగా రాజొచ్చిరి. 2010 ఏప్రిల్ 1న అమలైన విద్యాహక్కు చట్టము, వయోధ్రువపత్రము లేదని యే బిడ్డకును ప్రవేశము నిరాకరింపరాదని శాసించెను.

ఇప్పుడు ఇండ్లలో సంతానము తగ్గినది. స్థోమత గలవారి బిడ్డలు ప్రైవేటు బడుల బస్సు లెక్కుచున్నారు. అరువదిమంది వరకు ఇద్దరు ఉపాధ్యాయులే యని చట్టపు లెక్క. అయిదు తరగతులను ఇద్దరే బోధించుట చూచి మరికొందరు తల్లిదండ్రులు బిడ్డలను తీసికొని పోవుదురు. పిల్లలు తగ్గుటచే ఉపాధ్యాయులును, ఉపాధ్యాయులు తగ్గుటచే పిల్లలును తగ్గుచున్నారు. మిగిలినవారిలో పెక్కుమంది కూలీల బిడ్డలు, ఒడిశానుండి ఇటుకబట్టీలకు వచ్చిన కుటుంబముల బిడ్డలు. వారికొరకే నా మాతృభాష గడిలో ఒడియా అను మాట క్రొత్తగా చేరినది.

సంఖ్య తగ్గినదని యీ బడిని చులకన చేయువారికి నేను చెప్పున దొక్కటే. తక్కిన బడుల తలుపులు తట్టలేని బిడ్డలు ఇందు చేరుచున్నారు గనుక, వారెందరని మాత్రమే కాక వారెవరని గూడ అడుగవలెను. అట్టి బిడ్డ యొక్కతె యున్నను ఆమెకు గురువు నియ్యవలసినది ప్రభుత్వము. ఆమెను చేయిపట్టి బడికి దేవలసినది ఊరు. అయిదవ తరగతి ముగియువరకు ఆమె 'కారణము' గడి నిండకుండ కాపాడవలసినది ఆ యిరువురును.